పైపు తాళం ఎవరి చేతిలో ఉంది? విశాఖ నుంచి ఎన్నూరు దాకా



పోయిన నెల మన కూటంలో ఎర్నావూరు నుంచి వచ్చిన ఒక అక్కయ్య అడిగిన ప్రశ్నకి ఎవ్వరమూ జవాబు చెప్పలేకపోయాం. "గ్యాసు కారితే వాల్వు మూసేస్తే సరిపోదా? అంత కష్టమా?" అన్నారామె. మేము ఇంజనీర్లం కాము, రైల్వేలో గుమాస్తా ఉద్యోగం చేసి రిటైరైన వాళ్ళం. బడిలో చదివింది అరవం, ఇంట్లో నేర్చుకున్నది తెలుగు. తప్పులుంటే దిద్దండి. ఆ ప్రశ్న మాత్రం మమ్మల్ని వదల్లేదు, అందుకే తెలుసుకున్నంత రాస్తున్నాం.

2023 డిసెంబర్ 26 అర్ధరాత్రి ముందు ఎన్నూరు పెరియకుప్పం దగ్గర ఏమైందో మనకి తెలుసు. ఓడ నుంచి కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీకి అమోనియా తెచ్చే సముద్రంలోని పైపు కారింది. నిద్రలో ఉన్న జనం కళ్ళు మండుతూ, ఊపిరాడక పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీదకి పరుగెత్తారు. యాభై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ప్రభుత్వం నిపుణుల కమిటీ వేసింది, జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంతట తానే కేసు చేపట్టింది.

మన తెలుగు నేల మీద ఇంతకంటే పెద్ద దెబ్బ 1997 సెప్టెంబర్ 14న తగిలింది. ఆ ఆదివారం పొద్దున్న విశాఖపట్నం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఓడ నుంచి వంటగ్యాసు దించుకుంటుండగా గ్యాసు కారి, మేఘంలా కమ్ముకుని అంటుకుంది. అరవై మంది దాకా పోయారు. వంటగ్యాసు గాలి కంటే బరువు. కారితే పైకి పోదు, నేల మీద పాకుతూ నిప్పు దొరికేదాకా వెళుతుంది. అలాంటి చోట మనిషి నడిచి వెళ్ళి చక్రం తిప్పి మూయాల్సిన వాల్వు ఉండీ లేనట్టే. మంట ఉన్న చోటికి ఎవరు వెళతారు? దూరం నుంచి మీట నొక్కి మూసే వాల్వు కావాలి.

అయితే అలాంటి వాల్వు పెడితే మాత్రం సరిపోతుందా? జైపూర్ కథ చూడండి. 2009 అక్టోబర్ 29 సాయంత్రం సీతాపురా ఇండియన్ ఆయిల్ డిపోలో పెట్రోలు ట్యాంకు నుంచి పైపులోకి పంపడానికి సిద్ధం చేస్తున్నారు. ఆ పైపులో హామర్ బ్లైండ్ అనే రకం వాల్వు ఉంది. లోపల ఒక పలక ఉంటుంది, దాన్ని తిప్పి పెడితే దారి తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది. కానీ తిప్పాలంటే పై మూత విప్పాలి, అంటే ఆ కాసేపు పైపు బయటి గాలికి తెరిచి ఉంటుంది. ఆ సమయంలో ట్యాంకు పక్క వాల్వు కూడా తెరుచుకుంది. పెట్రోలు ఫౌంటెన్‌లా చిమ్మింది. దగ్గరున్న మనిషి ఆవిరికి పడిపోయాడు. కంట్రోల్ రూమ్ నుంచి మూసే ఏర్పాటు కొన్నేళ్ళుగా పనిచేయడం లేదు. గంటకి పైగా కారి పేలింది. పదకొండు మంది పోయారు, మంట పదకొండు రోజులు మండింది. ఎం.బి. లాల్ కమిటీ హామర్ బ్లైండ్ వాడొద్దనీ, పైపు ఎప్పుడూ తెరవక్కర్లేని రకం పెట్టాలనీ చెప్పింది. చూశారా, అక్కడ వాల్వు లేక కాదు, ఆ పనికి తగని వాల్వు ఉండి ప్రాణాలు పోయాయి.

మా రైల్వే లెక్కలో చెబితే మీకు సులభంగా అర్థమవుతుంది. మొదట్లో రైలు బ్రేకుకి గాలి పంపితేనే బ్రేకు పడేది. గొట్టం తెగితే బ్రేకే లేదు. 1872లో వెస్టింగ్‌హౌస్ దాన్ని తిరగేశాడు. గొట్టంలో గాలి ఉన్నంతసేపూ బ్రేకు విడిగా ఉంటుంది, గాలి పోతే బ్రేకు తనంతట తానే పడుతుంది. మంచి అత్యవసర వాల్వు కూడా ఇంతే. గాలి ఒత్తిడి దాన్ని తెరిచి పట్టుకుంటుంది, గాలి పోతే స్ప్రింగు మూసేస్తుంది. కానీ అన్ని వాల్వులూ మూసుకోకూడదు. చల్లబరిచే నీళ్ళ పైపుది తెరిచే ఉండాలి. ఏది ఎటు పోవాలో ముందే ఆలోచించి పెట్టాలి.

ఇంకొకటి. స్టేషన్‌లో సిగ్నల్ దాటిన బండి మెయిన్ లైన్ మీదకి పోకుండా పక్కకి మళ్ళించే చిన్న లైను ఉంటుంది. ప్రమాదకరమైన పైపుల్లోనూ ఇదే పద్ధతి. రెండు వాల్వులు మూసి, మధ్యలో చిన్న కాలువ వాల్వు సురక్షితమైన చోటికి తెరిచి ఉంచుతారు. మొదటిది కాస్త కారినా అది రెండో దాని మీద పడదు, పక్కకి పోతుంది, కారుతోందని మనకి తెలుస్తుంది కూడా. మనిషి ట్యాంకు లోపలికి దిగాలంటే ఇదీ చాలదు, గట్టి ఇనుప పలక అడ్డం పెట్టాల్సిందే.

అమోనియాకి ఇంకొన్ని జాగ్రత్తలున్నాయి. అది ఇత్తడిని, రాగిని తినేస్తుంది. అందుకే ఉక్కు వాల్వులే వాడాలి. రెండు మూసిన వాల్వుల మధ్య ద్రవం చిక్కుకుంటే ఎండకి ఉబ్బి పైపుని పగలగొడుతుంది, కాబట్టి ఒత్తిడి వదిలే మార్గం ఉండాలి.

వాల్వు ఎంత మంచిదైనా, దాన్ని ఎవరు మూశారో, ఎందుకు మూశారో వచ్చే షిఫ్టుకి తెలియాలి. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా చమురు వేదిక మీద ఒక పంపు రక్షణ వాల్వు రిపేరుకి తీసేశారు. ఆ కాగితం రాత్రి వాళ్ళ దగ్గరికి సరిగ్గా చేరలేదు, పంపు ఆన్ చేశారు. 167 మంది పోయారు. ఛార్జి ఇచ్చిపుచ్చుకునేటప్పుడు సంతకం ఎందుకని విసుక్కునే రోజుల్లో మాకూ తెలియలేదు, ఆ సంతకం విలువ ఏమిటో.

అక్కయ్యా, మీ ప్రశ్నకి జవాబు ఇదీ. మూయడం కష్టం కాదు. ఏ వాల్వు ఎక్కడ ఉండాలో ముందే నిర్ణయించి, అది రాత్రిపూట కూడా పనిచేస్తోందని చూడటం కష్టం. మనలో ఎందరి పిల్లలో మణలిలో, ఎన్నూరులో ఉద్యోగం చేస్తున్నారు. వాళ్ళని అడగండి: దూరం నుంచి మూసే వాల్వుని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? కరెంటు పోతే అది ఎటు పోతుంది? కారితే మన వీధికి మొదట ఎవరు చెబుతారు? వచ్చే కూటానికి జవాబులు తెస్తే అందరం కలిసి వింటాం.