ఆసుపత్రిలో దొరికిన ఆసరా: గృహహింస బాధితుల సహాయ కేంద్రాల చరిత్ర

వరకట్న చావులపై 1970ల చివర ఢిల్లీ, హైదరాబాద్ వంటి నగరాల్లో మహిళా సంఘాలు వీధికెక్కాయి. హైదరాబాద్‌లో ఈ పోరాటాన్ని భుజానికెత్తుకున్న వాటిలో ముఖ్యమైనది 1978లో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన. ఆ ఆందోళనల ఒత్తిడితో 1983లో భారత శిక్షాస్మృతిలో 498ఎ సెక్షన్ చేరింది. భార్యను భర్త గానీ అతని బంధువులు గానీ క్రూరంగా హింసించడం శిక్షార్హమైన నేరమైంది. కానీ ఆ సెక్షన్ అక్కరకు రావాలంటే బాధితురాలు పోలీసు స్టేషన్ మెట్లెక్కాల్సి వచ్చేది. ఆలుమగల గొడవ ఇంట్లోనే తేల్చుకొమ్మని అక్కడివాళ్లు తిప్పి పంపడం పరిపాటిగా ఉండేది.

1984లో టాటా సామాజిక విజ్ఞాన సంస్థ బొంబాయి పోలీసు కమిషనర్ కార్యాలయంలోనే మహిళలకు, పిల్లలకు ఒక ప్రత్యేక విభాగం తెరిచింది. అందులో కూర్చున్నది పోలీసులు కాదు, శిక్షణ పొందిన సామాజిక కార్యకర్తలు. వచ్చిన స్త్రీ చెప్పేది పూర్తిగా విని, ఆమెకు ఏం కావాలో అడిగి, ఆ తర్వాతే అడుగు వేసేవారు. భర్తను జైల్లో పెట్టించాలని వచ్చేవారు కొందరే. దెబ్బలు ఆగాలి, ఇంటి ఖర్చుకు డబ్బివ్వాలి, పుట్టింటివారు పెట్టిన బంగారం, సామాన్లు తిరిగి రావాలి అని కోరేవారే ఎక్కువ. స్త్రీధనాన్ని తిరిగి ఇప్పించడం అలా ఆ విభాగం నిత్యకృత్యమైంది. తర్వాత ఈ పద్ధతిని మహారాష్ట్ర ప్రభుత్వం చేపట్టి జిల్లాలకు విస్తరించింది.

పోలీసుల దాకా రాని స్త్రీలు కూడా ఆసుపత్రికి వస్తారు. 1990లలో ముంబైలోని జె.జె. ఆసుపత్రి క్యాజువాలిటీ రికార్డులు తిరగేసిన పరిశోధకులకు, వయసొచ్చిన ఆడవాళ్ల గాయాల్లో చాలా భాగం ఇంట్లో తగిలినవే కావచ్చని అర్థమైంది. కాగితం మీద మాత్రం జారిపడటం, పొరపాటున మందు తాగడం అన్నట్టే ఉండేవి. ఆరోగ్య రంగంలో పరిశోధన చేసే సెహత్ సంస్థ, బృహన్ముంబై నగరపాలక సంస్థ కలిసి బాంద్రాలోని భాభా ఆసుపత్రిలో బాధితులకు కౌన్సిలింగ్ ఇచ్చే దిలాసా అనే విభాగాన్ని మొదలుపెట్టాయి. 2001 నాటికి అది పనిలోకి దిగింది.

ఈ ఏర్పాటులోని తెలివంతా బాధితురాలి రోజువారీ బతుకును చదవడంలో ఉంది. భర్తకో అత్తకో చెప్పకుండా గడప దాటలేని మనిషికి ఆసుపత్రి ఓపీ చీటీ ఎవరూ అనుమానించని సాకు. మళ్లీ రావడానికీ అదే చీటీ చాలు. కౌన్సిలింగ్ గది ఉందని బోర్డు పెట్టి ఊరుకుంటే ఆమె రాదు. అందుకే డాక్టర్లకు, నర్సులకు ఆనవాళ్లు పట్టడం నేర్పారు: మానీ మానని గాయాలు, కారణం దొరకని నొప్పులు, విషం తాగిన కేసులు, మళ్లీ మళ్లీ గర్భస్రావాలు. రాత్రికి ఇంటికి వెళ్తే ప్రాణాపాయం అనిపిస్తే పరిశీలన పేరుతో వార్డులోనే చేర్చుకునేవారు. డాక్టరు రాసిన వివరం తర్వాత కోర్టులో సాక్ష్యంగా కూడా నిలిచేది. ఇలా ఉన్న ఆసుపత్రినే వాడుకోవడం, కొత్త భవనం కట్టడం కంటే ఎంతో దూరదృష్టి గల పని. ఆ తర్వాత కుర్లాలోని భాభా ఆసుపత్రికీ, నగరంలోని మరికొన్ని ఆసుపత్రులకూ ఈ పద్ధతి వెళ్లింది.

చట్టం విషయంలోనూ బాధితుల పక్షాన పనిచేసినవారి మాట నెగ్గింది. ప్రభుత్వం 2002లో తెచ్చిన బిల్లు, అలవాటుగా కొడితేనే హింస అన్న ధోరణిలో ఉంది. ఆత్మరక్షణ కోసం కొట్టానని భర్త తప్పించుకునే వీలూ కల్పించింది. మహిళా సంఘాలు గట్టిగా ఎదిరించాయి. ఆ బిల్లు చట్టం కాలేదు. 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చిన గృహహింస నిరోధక చట్టంలో ఆ లొసుగులు లేవు. మాటలతో హింసించడం, డబ్బుకు కటకటలాడించడం కూడా హింసేనని అది గుర్తించింది. కాపురమున్న ఇంట్లో నివసించే హక్కునిచ్చింది. రక్షణాధికారులను నియమించమంది. ఆశ్రయించిన స్త్రీకి వైద్యం చేయడం ఆసుపత్రుల బాధ్యతగా పెట్టింది. అదే 2006లో హైదరాబాద్‌లో స్త్రీవాద పత్రిక భూమిక తరఫున ఒక హెల్ప్‌లైన్ మొదలై, తెలుగులో గోడు చెప్పుకునే వీలు ఏర్పడింది.

2015 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ప్రభుత్వం సఖి పేరుతో వన్ స్టాప్ సెంటర్ల పథకాన్ని నడుపుతోంది. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కొద్ది రోజుల వసతి ఒకేచోట ఇవ్వడం దాని ఉద్దేశం. మార్గదర్శకాల ప్రకారం ఈ సెంటర్ ఆసుపత్రి ఆవరణలో గానీ, కుదరకపోతే ఆసుపత్రికి 2 కిలోమీటర్ల లోపు గానీ ఉండాలి. 181 నంబరుకు ఫోన్ చేసినా ఈ కేంద్రాలకు దారి చూపుతారు. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, శారీరక లేదా లైంగిక హింసకు గురైన స్త్రీలలో సాయం కోరినవారు 14 శాతమే. 77 శాతం మంది సాయం కోరలేదు సరికదా, ఎవరితోనూ చెప్పుకోలేదు. సాయం కోరినవారిలో ఎక్కువమంది వెళ్లింది పుట్టింటివారి దగ్గరికే. పోలీసులను, వకీళ్లను, డాక్టర్లను ఆశ్రయించినవారు అతి కొద్దిమంది.