ట్రక్కు వారంటీ – బయటి ఎయిర్ ఫిల్టర్లు

వాహనం తయారుచేసిన కంపెనీ పేరుతో కాక, వేరే సంస్థల పేరుతో మార్కెట్లో దొరికే గాలి వడపోత పరికరాలు ఆఫ్టర్‌మార్కెట్ ఎయిర్ ఫిల్టర్లు. అమెరికాలో పికప్ ట్రక్కు కొన్నవాళ్లు వీటిని విరివిగా బిగించుకుంటారు. బయటి ఫిల్టర్ వేస్తే వారంటీ పోతుందా అన్న తగాదా కూడా అక్కడ చాలాకాలంగా ఉన్నదే. 1975 నాటి మాగ్నసన్–మాస్ వారంటీ చట్టం ప్రకారం ఫిల్టర్ మార్చినంత మాత్రాన వారంటీ పోదు. అయితే ఆ ఫిల్టర్ వల్లే ఫలానా భాగం చెడిందని కంపెనీ చూపగలిగితే ఆ రిపేరు ఖర్చు యజమానే పెట్టుకోవాలి. మిగతా వాహనం మీద వారంటీ అప్పుడు కూడా అలాగే ఉంటుంది.

ఫిల్టర్ చేసే పని

ఒక లీటరు పెట్రోలు మండాలంటే సుమారు 9,000 లీటర్ల గాలి కావాలి. ఆ గాలితోపాటు లోపలికి వెళ్లే సన్నని ఇసుక పిస్టన్ రింగులకూ సిలిండర్ గోడలకూ మధ్య చేరి రెంటినీ అరగదీస్తుంది. డీజిల్ ట్రక్కుల్లో అంతకంటే ముందే టర్బోచార్జర్ దెబ్బతింటుంది. అతివేగంగా తిరిగే కంప్రెసర్ చక్రం రెక్కల అంచులను దుమ్ము కొరికేస్తుంది.

కంపెనీలు సాధారణంగా వేసేది మడతలు పెట్టిన కాగితపు ఫిల్టర్. బయట అమ్ముడయ్యే వాటిలో చాలా భాగం కూడా అలాంటి కాగితపు ఫిల్టర్లే. కొలత సరిపోయి, నాణ్యత ఉంటే వాటితో పేచీ రావడం అరుదు. గొడవంతా నూనె పట్టించిన నూలు గుడ్డ ఫిల్టర్లతోనే. 1969లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో మొదలైన కే అండ్ ఎన్ సంస్థ వీటికి పెద్దపేరు తెచ్చింది. ఇవి ఉతికి, ఆరబెట్టి, మళ్లీ నూనె పట్టించి ఏళ్ల తరబడి వాడుకునే రకం. నూనె అక్కర్లేని సింథటిక్ ఫిల్టర్లు తర్వాత వచ్చాయి.

గాలిని ధారాళంగా వదలడం, దుమ్మును గట్టిగా పట్టడం అన్నవి ఒకదానికొకటి ఎదురు నిలిచే గుణాలు. ఐఎస్ఓ 5011 అనే ప్రమాణం ప్రకారం, తెలిసిన పరిమాణంలో ఉన్న దుమ్మును తూచి ఫిల్టర్ మీదికి వదిలి ఈ రెంటినీ కొలుస్తారు. ప్రకటనల్లో మొదటి గుణం పెద్దక్షరాల్లో కనిపిస్తుంది, రెండోదాన్ని వెతుక్కోవాలి. మైలేజీ పెరుగుతుందన్న మాట మీద మరీ నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, కంప్యూటర్ ఆధీనంలో నడిచే నేటి పెట్రోలు ఇంజన్లలో ఫిల్టర్ పూడుకుపోయినా మైలేజీ చెప్పుకోదగ్గంతగా తగ్గదు, తగ్గేది వాహనం వేగం పుంజుకునే శక్తే. మురికి ఫిల్టర్‌తోనే పడిపోని మైలేజీ, ఖరీదైన ఫిల్టర్‌తో ఎక్కడినుంచి పెరుగుతుంది?

నూనె – సెన్సర్

ఫిల్టర్ దాటగానే గాలి గొట్టంలో చాలా ట్రక్కులకు మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉంటుంది. వేడెక్కిన సన్నని తీగను గాలి ఎంత చల్లబరుస్తోందో చూసి, ఎంత గాలి వస్తోందో అది లెక్కగడుతుంది. ఫిల్టర్‌కు నూనె ఎక్కువ పట్టిస్తే ఆ తుంపర తీగ మీద పేరుకుని లెక్క తప్పుతుంది. ఇంధనం పాళ్లు మారి డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. ఆటోమేటిక్ గేర్లు కూడా ఇంజన్ మీద ఉన్న భారాన్ని బట్టి మారేవే కాబట్టి అవీ తడబడతాయి. నూనె అతిగా పట్టించిన బయటి ఫిల్టర్ వల్ల ఇలా జరిగితే ఆ రిపేరు వారంటీ కిందికి రాదని జనరల్ మోటార్స్ తన డీలర్లకు సర్వీస్ బులెటిన్ పంపింది. ఫిల్టర్ తయారీదారులు ఈ వాదనను ఒప్పుకోరు. బులెటిన్‌లో తప్పుపట్టింది అతిగా పట్టించిన నూనెను. ఫిల్టర్ బయటిది కావడమే నేరమని అందులో లేదు.

చట్టం

సెనేటర్ వారెన్ మాగ్నసన్, ప్రతినిధుల సభ సభ్యుడు జాన్ మాస్ పేర్లతో వచ్చిన ఈ చట్టం మీద అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ 1975 జనవరి 4న సంతకం చేశాడు. ఫలానా బ్రాండు విడిభాగమే వాడాలని వారంటీకి షరతు పెట్టకూడదన్నది ఇందులో కీలకమైన నిబంధన. మినహాయింపులు రెండే. ఆ భాగాన్ని కంపెనీ ఉచితంగా ఇవ్వాలి. లేదా అది లేకపోతే వాహనం సరిగా పనిచేయదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌ను ఒప్పించి అనుమతి తెచ్చుకోవాలి. బయటి భాగం వల్లే నష్టం జరిగిందని చూపే బాధ్యత కంపెనీదేనని కమిషన్ చెబుతుంది. కోర్టులో గెలిచిన వినియోగదారుడికి లాయరు ఫీజు కూడా ఇప్పించే వీలు చట్టంలో ఉంది. ఆ ఏర్పాటు లేకపోతే కొన్ని వందల డాలర్ల సెన్సర్ కోసం ఎవరూ కోర్టు మెట్లెక్కరు.

చట్టం ఉన్నా కంపెనీలు దారికి రావడానికి చాలాకాలం పట్టింది. మినీ బ్రాండు కార్ల వారంటీని సొంత విడిభాగాలకూ సొంత డీలర్లకూ ముడిపెట్టిందన్న ఆరోపణ మీద 2015లో బీఎండబ్ల్యూ అమెరికా విభాగంపై కమిషన్ చర్య తీసుకుంది. 2018లో ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. 2022లో హార్లీ–డేవిడ్సన్ వంతు వచ్చింది.

కాలిఫోర్నియాలో ఇంకో మెలిక ఉంది. పాత ఫిల్టర్ తీసి అదే డబ్బాలో అమరే కొత్తది పెడితే అది మామూలు విడిభాగమే. డబ్బాను, గొట్టాన్ని కూడా మార్చే ఇన్‌టేక్ కిట్ వేస్తే మాత్రం దానికి రాష్ట్ర వాయు వనరుల మండలి మినహాయింపు నంబరు ఉండాలి.

డీలరు చూసేది

ఫిల్టర్ దాటిన తర్వాత గొట్టంలో దుమ్ము చారలున్నాయా, డబ్బా అంచు సరిగా కూర్చుందా, వాడిన ఇంజనాయిల్‌లో సిలికాన్ ఎక్కువగా ఉందా అని చూస్తారు. సర్వీసుకు వెళ్లేముందు బయటి ఫిల్టర్ తీసి కంపెనీది బిగించే తెలివైనవాళ్లున్నారు. గొట్టంలోని దుమ్ము మాత్రం ఎక్కడికీ పోదు. ఇక ఎయిర్ కండిషనర్ చెడితేనో, కిటికీ అద్దం మోటారు ఆగితేనో ఫిల్టర్‌ను సాకుగా చూపడం చెల్లదు. క్లెయిము తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. ఫిల్టర్ కొన్న, శుభ్రం చేసిన తేదీల రసీదులు ఉంటే వాదనకు బలం.

భారతదేశంలో

ఇక్కడ మాగ్నసన్–మాస్ లాంటి ప్రత్యేక చట్టం లేదు. అయితే కార్ల విడిభాగాల కేసులో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కంపెనీలకు జరిమానా వేస్తూ, బయటి మెకానిక్ చేత పని చేయించుకున్నంత మాత్రాన వారంటీ మొత్తం రద్దుచేసే షరతు పెట్టకూడదని ఆదేశించింది. ఆ కేసు కార్లకు సంబంధించినది. మన షెడ్లలో కాగితపు ఫిల్టర్‌కు కంప్రెసర్‌తో గాలి కొట్టించి మళ్లీ బిగించే అలవాటుంది. గాలి ఒత్తిడికి కాగితం చిరిగితే అది కంపెనీ ఫిల్టర్ అయినా ఇంజన్‌ను కాపాడలేదు.

పెద్ద లారీలు

అమెరికా చట్టం వర్తించేది సొంత, కుటుంబ అవసరాలకు మామూలుగా వాడే రకం వస్తువులకు. పికప్ ఆ కోవలోకి వస్తుంది. దాన్ని ఎవరైనా వ్యాపారానికి వాడుకున్నా రక్షణ పోదు. సరుకు రవాణా చేసే పద్దెనిమిది చక్రాల లారీలు సాధారణంగా దీని పరిధిలోకి రావు. వాటి యజమాని ఫిల్టర్ మార్చేముందు వారంటీ పుస్తకంలోని షరతులు చదువుకోవాల్సిందే.