పెద్ద రేడియో కంట్రోల్ విన్యాస విమానాలు: సరదా, ఖర్చు, జాగ్రత్తలు

కిందటి ఉగాది ఏర్పాట్ల సమావేశంలో మా సంఘం సభ్యులొకరు లేచి, "సెక్రెటరీ గారూ, మా అబ్బాయి దగ్గర పెద్ద మోడల్ విమానం ఉంది. సభ మైదానం మీద పది నిమిషాలు పల్టీలు కొట్టిస్తాడు, జనం సంతోషిస్తారు" అన్నారు. అందరూ సరే అన్నారు. అనుమతి కాగితాలు చూసుకోవలసినవాణ్ణి నేను కాబట్టి ముందు ఆ విమానం చూడడానికి వారింటికి వెళ్లాను. బొమ్మలాంటిది ఉంటుందనుకున్నాను. హాల్లో సోఫా గోడకు జరిపి పెట్టారు. రెక్కలు ఈ చివరి నుంచి ఆ చివరికి ఏడడుగులు, ముందు పెట్రోలు ఇంజను. ఆ రోజు నుంచి అడిగి, చదివి తెలుసుకున్నవి మన పాఠకుల కోసం క్రమంగా రాస్తున్నాను.

'పెద్ద' విమానం అంటే

ఒకే వరస రెక్కలున్న మోడల్ అయితే రెక్కల పొడవు 80 అంగుళాలు, రెండు వరసలదైతే 60 అంగుళాలు దాటితే పెద్ద తరహా కింద లెక్క అని ఈ అభిరుచిగల వారిలో వాడుక. 50 సీసీ ఇంజనుది సుమారు 7, 8 కిలోలు తూగుతుంది. 100 సీసీది 11 నుంచి 13 కిలోల దాకా ఉంటుంది. చాలావరకు ఎక్స్‌ట్రా 300, ఎడ్జ్ 540, యాక్ 54 వంటి నిజమైన విన్యాస విమానాలకు నమూనాలే.

ఒళ్లంతా తేలికైన బాల్సా చెక్క, ప్లైవుడ్. పైన వేడి చేసి బిగించే పలుచని ఫిల్ము. రెక్కలను, తోకను కదిలించే చిన్న మోటార్లను సర్వోలంటారు. చేతిలోని ట్రాన్స్‌మిటర్ నుంచి 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాలు వెళతాయి. పాత రోజుల్లో ఇద్దరు ఒకే చానల్ మీద స్విచ్ వేస్తే విమానం అదుపు తప్పి కూలేది. అందుకే మైదానంలో చానల్ బిళ్లలు పెట్టుకుని, బిళ్ల చేతిలో ఉన్నవాడే ఎగరేసేవాడు. ఇప్పుడు ఆ ఇబ్బంది తీరింది.

చిన్నదానికన్నా పెద్దది బాగా ఎగురుతుందంటారు. గాలి విసురుకు తొణకదు, దూరంగా ఉన్నా కంటికి ఆనుతుంది, పల్టీ నిదానంగా, నిండుగా కనిపిస్తుంది. ఇంజను లాగే శక్తి విమానం బరువుకన్నా ఎక్కువ. అందుకే ముక్కు పైకి పెట్టి గాలిలో నిలువుగా నిలబడగలదు.

పోటీలు

ఈ క్రీడ బాగా పెరిగింది అమెరికాలో. 1974లో లాస్ వేగాస్‌లో హోటల్ యజమాని బిల్ బెన్నెట్ 'టోర్నమెంట్ ఆఫ్ చాంపియన్స్' మొదలుపెట్టారు. పెద్ద బహుమతి డబ్బుతో అది 2002 వరకు సాగింది. ఇప్పుడు ఐమాక్ అనే సంస్థ నియమాల ప్రకారం బేసిక్ నుంచి అన్‌లిమిటెడ్ దాకా 5 తరగతుల్లో పోటీలు జరుగుతాయి.

విన్యాసాల వరసను స్పెయిన్ పైలట్ హోసే లూయిస్ అరెస్తి రూపొందించిన గుర్తులతో కాగితం మీద గీస్తారు. ఒక్కోదానికి 10 మార్కులు. కష్టాన్ని బట్టి వాటిని హెచ్చవేస్తారు. గీత వంకరపోయినా, వలయం గుండ్రం తప్పినా మార్కులు పోతాయి. పై తరగతుల వారికి ముందు తెలియని వరస ఒకటి ఇస్తారు. దాన్ని విమానంతో సాధన చేయకూడదు. రాత్రి పుల్లకు గుచ్చిన చిన్న బొమ్మ విమానాన్ని చేత్తో తిప్పుకుంటూ వల్లె వేసుకోవలసిందే. పరీక్ష ముందు రోజు మన పిల్లలు ఎక్కాలు చదివినట్టే.

ప్రమాదం ఎక్కడుంది

ఆ అబ్బాయే చెప్పాడు: "అంకుల్, దీని ప్రొపెల్లర్ 23 అంగుళాలు. నిమిషానికి 6500 చుట్లు తిరుగుతుంది." లెక్కలు రాసిన అలవాటు కొద్దీ ఇంటికొచ్చి వేసి చూశాను. ప్రొపెల్లర్ కొస వేగం గంటకు 700 కిలోమీటర్ల పైనే! తగిలితే వేళ్లు మిగలవు. 2013లో న్యూయార్క్‌లో ఒక 19 ఏళ్ల కుర్రవాడు తాను ఎగరేస్తున్న రేడియో కంట్రోల్ హెలికాప్టర్ తగిలే చనిపోయాడు. అనుభవం లేక కాదు, అందులో ఆరితేరినవాడే. కాబట్టి జనం మీదుగా ఎగరేయడం అన్న మాటే ఉండకూడదు.

మన దేశంలో నిబంధనలు

2021 ఆగస్టు 25న వచ్చిన డ్రోన్ నిబంధనలు వీటికీ వర్తిస్తాయి.

1. వినోదానికి, చదువుకు, కంటిచూపు దూరంలోనే ఎగరేసే 25 కిలోల లోపు మోడల్‌కు టైపు సర్టిఫికెట్ అక్కర్లేదు. నమోదు చేయించి గుర్తింపు సంఖ్య మాత్రం తీసుకోవాలి.

2. పైలట్ సర్టిఫికెట్ మినహాయింపు వ్యాపారానికి వాడని 2 కిలోల లోపు వాటికే. పెద్ద విమానాలన్నీ ఆ గీత దాటినవే.

3. 250 గ్రాములు దాటితే థర్డ్ పార్టీ బీమా ఉండాలి.

4. పచ్చ జోన్‌లో 400 అడుగుల ఎత్తు వరకు వేరే అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. అంతకన్నా దగ్గరైతే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయరాదు. పెద్ద పల్టీకి 400 అడుగులు ఇట్టే దాటిపోతాయని గుర్తుంచుకోవాలి.

మనవాళ్లున్న ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. బెంగళూరులో హెచ్‌ఏఎల్, యలహంక, జక్కూరు, దేవనహళ్లి, హోసూరు పక్కన బెళగొండపల్లి, బరంపురం దగ్గర రంగైలుండ, షోలాపూర్ విమానాశ్రయం. డిజిటల్ స్కై పటంలో మీ మైదానం ఏ రంగులో ఉందో చూశాకే మిగతా మాట.

నేర్చుకునే దారి

ముందు కంప్యూటర్ సిమ్యులేటర్. అందులో వంద విమానాలు కూలినా నష్టం లేదు. తరువాత రెక్కలు పైన ఉండే చిన్న ఫోమ్ శిక్షణ విమానం. పక్కన అనుభవజ్ఞుడు ఉండాలి. ఆ తరువాతే విన్యాసాలు, చివరికి పెట్రోలు ఇంజను. కాలేజీ పిల్లలకు ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ శిక్షణ ఉంది. అది ఖర్చు తక్కువ దారి.

పెద్ద విమానానికి ఇంజను, సర్వోలు, బ్యాటరీలు కలిపితే లక్షల మాట. ఒక్క పొరపాటుకు అంతా పుల్లలైపోతుంది. అప్పు చేసి కొనే వస్తువు కాదని తల్లిదండ్రులకు నా మనవి. ఎగరేసే ముందు ప్రతిసారీ మూడు చూడాలి: బరువు కేంద్రం సరిగా ఉందా, సంకేతం తెగితే ఇంజను దానంతటదే ఆగుతుందా, ఇంజను ఆపే స్విచ్ పనిచేస్తోందా.

ఉగాది నాడు

మా మైదానం యలహంక స్థావరానికి దగ్గర. పైగా నాలుగు వందల మంది జనం. నేను వద్దన్నాను. ఆ తండ్రి నొచ్చుకుని రెండు వారాలు ఫోను ఎత్తలేదు. కుర్రవాడే వచ్చి, "అంకుల్ చెప్పింది నిజమే నాన్నా" అని సర్దిచెప్పాడు. సభ నాడు ప్రొపెల్లర్ తీసేసి విమానాన్ని వేదిక పక్కన పెట్టాం. రెక్కలు ఎలా కదులుతాయో, పల్టీ ఎలా కొడుతుందో పిల్లలకు తెలుగులో చెప్పాడు. కన్నడ మీడియంలో చదివే పిల్లలు కూడా కదలకుండా విన్నారు. పచ్చడి పంచే వేళకు కూడా వాళ్లు అక్కడి నుంచి లేవలేదు.