మీటరు ఒకటి, కాపురములు అనేకము: ప్రాసెసర్ కౌంటర్ల చరిత్ర

ఒక ఇంట నాలుగు కుటుంబములు కాపురమున్నవి. కరెంటు మీటరు మాత్రము ఒక్కటే. ఎవరు ఎంత వాడినదియు మీటరు చెప్పలేదు. వంతులవారీగా వాడుకొన్నచో, వంతు మారినప్పుడెల్ల రీడింగు వ్రాసిపెట్టువాడొకడు కావలెను. కంప్యూటరులో ప్రోగ్రాములు సెకనుకు అనేక పర్యాయములు వంతులు మార్చుకొనుచుండును. అచ్చట ఆ పద్దు వ్రాయునది ఆపరేటింగ్ సిస్టమునకు మూలమైన కెర్నెల్.

1993లో ఇంటెల్ సంస్థవారు వెలువరించిన పెంటియం ప్రాసెసరులో ఇట్టి మీటర్లు రెండు ఉండెను. ఎన్ని ఆదేశములు నెరవేరినవి, కోరిన సమాచారము క్యాష్ మెమొరీలో ఎన్నిమార్లు దొరకలేదు - ఇట్టివానిలో ఏవేని రెండింటిని అవి లెక్కించును. వాని వాడుకను మాత్రము సంస్థవారు గోప్యముగా ఉంచిరి. నార్వేకు చెందిన టెర్యె మాథిసెన్ ఆ గుట్టును ఛేదించి 1994 జులై 'బైట్' పత్రికలో ప్రకటించెను. మీటరు అమర్చి, చూడరాదనుట వింతయే!

ఆ కౌంటర్లు 40 బిట్లవి. అనగా సుమారు 1,10,000 కోట్ల వరకు లెక్కించగలవు. సెకనుకు 6.6 కోట్ల స్పందనలు గల యంత్రముపై ప్రతి స్పందనను లెక్కించినచో, 4 గంటల 38 నిమిషములకు నిండి మరల సున్నకు వచ్చును. విద్యార్థులు గుణించి చూడవచ్చును.

ఈ నిండుటయే తరువాతి ప్రాసెసర్లలో ఉపాయమైనది. నిండుటకు లక్ష తక్కువగా కౌంటరును ఉంచినచో, లక్షవ సంఘటనతో అది పొంగి, నడచుచున్న పనిని ఆపి కెర్నెలును పిలుచును. ఆ క్షణమున ప్రోగ్రాము ఎచ్చట ఉన్నదో కెర్నెల్ గుర్తించును. ఇట్లు వేలకొలది గుర్తులు చేరగా, కాలము ఎచ్చట వ్యర్థమగుచున్నదో తెలియును. పొంగుటకును ఆగుటకును నడుమ ప్రాసెసర్ కొన్ని అడుగులు ముందుకు వేయును గనుక, దోషము పొరుగు ఆదేశముపై పడుటయు కలదు.

లినక్స్ కెర్నెలులో ఈ పద్దు కుదురుటకు చాలకాలము పట్టినది. మికాయెల్ పెటర్సన్, స్టెఫాన్ ఎరానియన్ అనువారి ఏర్పాట్లు ఏండ్ల తరబడి ప్రధాన కెర్నెలునకు వెలుపలనే ఉండిపోయెను. 2008 డిసెంబరులో థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్ వేరొక మార్గము చూపిరి: ప్రోగ్రాము తనకు కావలసిన లెక్కను మాత్రము అడుగును, ఏ కౌంటరును ఇయ్యవలెనో కెర్నెలే నిర్ణయించును. ఇది 2009 సెప్టెంబరున 2.6.31 సంచికలో చేరెను.

కోరినవి కౌంటర్ల కంటె ఎక్కువైనచో కెర్నెల్ వంతులు వేయును. మూడవ వంతు కాలమే లెక్కించిన దానిని మూడింతలు చేయవలెను. అది కొలత గాదు, అంచనా. పైగా, తాను స్తంభించినదేమో చూచుకొనుటకు ఇంటెల్ తరహా యంత్రములలో కెర్నెలే ఒక కౌంటరును వాడుకొనుట కలదు. అప్పుడు కాపురస్థులకు మరియొకటి తగ్గును.