తర్రెం దారిలో తోడు

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతం, బీజాపూర్ జిల్లాలో బాసగూడ దాటి జగరగుండ వైపు వెళ్తే తర్రెం వస్తుంది. మన చర్ల మీదుగా గోదావరిలో కలిసే తాలిపేరు ఆ అడవుల నీళ్లనే మోసుకొస్తుంది. 2021 ఏప్రిల్ 3న ఆ ఊరి అవతల, తెకులగూడ, జొన్నగూడల దగ్గర మావోయిస్టుల మెరుపుదాడిలో 22 మంది జవాన్లు చనిపోయారు. ఆ తూటాల మధ్యే సీఆర్‌పీఎఫ్ కోబ్రా దళం జవాను బల్‌రాజ్ సింగ్ తన తలపాగా విప్పి, నెత్తురోడుతున్న ఎస్సైకి కట్టు కట్టాడు. ఆ రోజు అతనూ గాయపడ్డవాడే. సిక్కుకు తలపాగా అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఆ కట్టు విలువ చెప్పక్కర్లేదు.

దైవం మానుష రూపేణ అంటారు పెద్దలు. బస్తర్ చరిత్రను వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

1323లో ఓరుగల్లు కూలాక కాకతీయుల అన్నమదేవుడు ఇటే వచ్చాడు. దంతేశ్వరి అమ్మవారు అందెలు ఘల్లుమంటూ అతని వెనకే నడిచిందని స్థలపురాణం. రాజుకు సరే, అడవిలో సామాన్యుడికి ఎవరు తోడు నడిచారు?

1910 జవాబు చెబుతుంది. అడవిని సర్కారు తన గుప్పిట్లోకి తీసుకుంటుంటే ఆదివాసులు భూమ్‌కాల్ తిరుగుబాటు లేవదీశారు. మామిడి కొమ్మ, మట్టిగడ్డ, మిరపకాయ, బాణం ఊరూరూ తిరిగాయి. అవే పిలుపు. నేతనార్‌కు చెందిన ధుర్వా వీరుడు గుండాధూర్ ముందు నడిచాడు. అల్నార్ దగ్గర సొంత మనిషి సోనూ మాంఝీయే బ్రిటిష్ వాళ్లకు ఆచూకీ చెప్పాడని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. చాలామంది నేలకొరిగారు. గుండాధూర్ మాత్రం తప్పించుకున్నాడు. ఎంత గాలించినా సర్కారుకు దొరకలేదు. అమ్మినవాడు ఒకడైతే కడుపులో దాచుకున్నవి ఎన్నో ఊళ్లు. ఆ ఊళ్ల మౌనంలో నాకు దేవుడి చెయ్యి కనిపిస్తుంది.

2005లో మావోయిస్టుల మీదికి సర్కారు అండతో సల్వాజుడుం వచ్చింది. పక్కింటివాడే పక్కింటిని చూపించిన కాలం. దాన్ని 2011 జులైలో సుప్రీంకోర్టు తప్పుపట్టేలోపే వేలమంది గోదావరి లోయకు, అప్పటి ఖమ్మం జిల్లాకు వలసొచ్చారు. చుట్టరికం ఉన్న కోయపల్లెలే వాళ్లకు మొదటి నీడ. 2012లో సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మేనన్‌ను మావోయిస్టులు అపహరిస్తే, ఆస్తమాతో బాధపడే ఆయనకు మందులు పట్టుకుని అడవిలోకి వెళ్లినవాడు సీపీఐ నాయకుడు మనీష్ కుంజాం. మధ్యవర్తుల్లో మన ప్రొఫెసర్ హరగోపాల్ గారు ఉన్నారు. కలెక్టరు క్షేమంగా తిరిగొచ్చారు. కానీ ఆయన అంగరక్షకులిద్దరు అపహరణ నాడే ప్రాణాలు కోల్పోయారు. ఆ ఇద్దరినీ మరిచిపోయి దైవరక్షణ గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

మళ్లీ తర్రెం. ఆ దాడి తర్వాత జమ్మూకు చెందిన జవాను రాకేశ్వర్ సింగ్ మన్హాస్ మావోయిస్టుల చేతికి చిక్కాడు. అతని కోసం వినోబా శిష్యుడు ధరంపాల్ సైనీ కదిలారు. 1976 నుంచి బస్తర్‌లోనే ఉండి ఆదివాసీ ఆడపిల్లలను చదివించిన ఆయనకు అప్పటికే తొంభై దాటాయి. గోండ్వానా సమాజ్ నాయకుడు తేలం బోరయ్య, బీజాపూర్ విలేకరులు వెంట వెళ్లారు. ఏప్రిల్ 8న వందలాది గ్రామస్థుల ఎదుట తాళ్లు విప్పి జవానును అప్పగించారు. సాయంత్రానికల్లా అతను తర్రెం క్యాంపు చేరుకున్నాడు. ఆ జవాను వీళ్లలో ఎవరికీ చుట్టం కాదు, పక్కం కాదు.

ఆ విలేకరుల్లో ముకేశ్ చంద్రాకర్ ఒకడు. బాసగూడ బిడ్డ. సల్వాజుడుం రోజుల్లో ఊరు విడిచిన కుటుంబం. 2025 జనవరి 1న కనిపించకుండా పోయాడు. రోడ్డు పనుల్లో అవినీతిని బయటపెట్టినందుకే చంపారని ఆరోపణ. నిందితులుగా అరెస్టయినవాళ్లలో సొంత బంధువులే ఉన్నారు. ఒకరి ప్రాణానికి అడ్డుపడ్డవాడికి ఎవరూ ఎందుకు అడ్డుపడలేదని దేవుణ్ని అడుగుతూనే ఉన్నాను. జవాబు రాలేదు. నమ్మకమూ పోలేదు, ఎందుకంటే అతన్ని స్నేహితులు వదల్లేదు. తోటి విలేకరులే ఫోను చివరిగా పనిచేసిన చోటు పట్టుకుని వెతికారు. ఆ రోడ్డు కాంట్రాక్టరు ఆవరణలో సెప్టిక్ ట్యాంకు మీద కొత్తగా వేసిన సిమెంటు చూసి అనుమానించారు. పగలగొట్టాల్సిందేనని పట్టుబట్టారు. జనవరి 3న ముకేశ్ మృతదేహం అందులోనే దొరికింది.