బోడికొండ మీద దెయ్యాలెవరు?

డిస్నీ వాళ్ళ 'ఫాంటేసియా' (1940) చూశారా? చివర్లో కొండ మీద ఓ పెద్ద దెయ్యం రెక్కలు విప్పుతుంది. ఆ సంగీతానికి మూలం ముసోర్గ్‌స్కీ 1867లో రాసిన 'బోడికొండ మీద రాత్రి'. మొన్న అది మళ్ళీ చూసి, ఇంతకీ ఆ కొండ ఎక్కడుందబ్బా అని మ్యాపులో వెతికాను. ఒకటి కాదు, బోలెడున్నాయి!

ఉక్రెయిన్‌లో కీవ్ నగరంలోనే ఒక 'లీసా హోరా'. చెక్ దేశంలో అదే పేరుతో 1300 మీటర్లు దాటిన శిఖరం. పోలండులో 'వీసా గూరా'. అన్నిటికీ అర్థం ఒకటే, బోడికొండ. పేరులో మంత్రం ఏమీ లేదు. చుట్టూ అడవి, నెత్తిన చెట్టు లేదు, అంతే. మనవాళ్ళు బోడికొండ అన్నట్టే.

కానీ జనం ఊరుకుంటారా? చీపుర్లెక్కి మంత్రగత్తెలు ఇక్కడికే వస్తారన్నారు. పోలండు కొండ మీదైతే క్రైస్తవానికి ముందే కట్టిన రాతి ప్రాకారం ఉంది. తర్వాత అక్కడే బెనెడిక్టైన్ మఠం వెలిసింది. పాత దేవుళ్ళ చోటు కొత్త మతానికి దెయ్యాల చోటు అయిందని నా అనుమానం.

అసలు కథ తర్వాతిది. కీవ్ కొండ మీద జారు ప్రభుత్వం కోట కట్టి ఉరికంబం పెట్టింది. ప్రధానమంత్రి స్తలీపిన్‌ని చంపిన బొగ్రోవ్‌ని 1911లో ఉరి తీసిందక్కడే. పోలండు మఠం జైలయింది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు అక్కడ వేలమంది సోవియట్ ఖైదీలని ఆకలితో చంపారు.

మంత్రగత్తెలు ఆ కొండల మీద ఒక్కరినైనా చంపినట్టు రికార్డు లేదు. చంపినవాళ్ళంతా యూనిఫారాలు వేసుకున్నవాళ్ళే. మరి మనం భయపడాల్సింది ఎవరికంటారు?