గాలికుంటు నుంచి కోవిడ్ దాకా: ఐర్లండ్ హర్లింగ్ లీగ్‌లో తెగిన ఋతువులు

2020 అక్టోబర్ 25, ఆదివారం. ఐర్లండ్‌లోని టిప్పరేరి కౌంటీలో థర్లెస్ అనే చిన్న పట్టణం. దాదాపు 45 వేల మంది పట్టే సెంపుల్ స్టేడియంలో ఆనాడు ప్రేక్షకుడన్నవాడు లేడు. లిమెరిక్, క్లేర్ కౌంటీల జట్లు హర్లింగ్ ఆడుతున్నాయి. ఆట ముగిసేసరికి లిమెరిక్ 0-36, క్లేర్ 1-23. ఆ ఒక్క గెలుపుతో లిమెరిక్‌కు రెండు ఫలితాలు దక్కాయి. ఒకటి, మార్చిలో అర్ధాంతరంగా ఆగిపోయిన జాతీయ హర్లింగ్ లీగ్ విజేత అనే బిరుదు. రెండవది, మన్స్టర్ ప్రాంతీయ ఛాంపియన్‌షిప్‌లో తరువాతి అంచెకు ప్రవేశం. ఒకే ఆటను ఒక పోటీకి ముగింపుగానూ, మరొక పోటీకి ఆరంభంగానూ లెక్కగట్టవలసి వచ్చింది.

ఈ ఏర్పాటును మహమ్మారి కాలపు సర్దుబాటు అని ఒక్క మాటతో తేల్చివేయవచ్చు. కానీ హర్లింగ్ చరిత్రను కొంచెం వెనక్కి తిరగేస్తే, రోగం ఆటను అడ్డగించడం ఇదే మొదటిసారి కాదని తెలుస్తుంది. అటువంటి ప్రతి సందర్భంలోనూ దేనిని వదులుకోవాలి, దేనిని నిలబెట్టుకోవాలి అన్న ప్రశ్న ఎదురయింది. దానికి ఇచ్చిన జవాబుల్లో ఆ ఆటను నమ్ముకున్న సమాజపు స్వభావం కనిపిస్తుంది.

ఆట, దాని లెక్క

హర్లింగ్ కర్రతోనూ బంతితోనూ ఆడే ఆట. జట్టుకు 15 మంది. యాష్ చెట్టు మానుతో చేసిన, చివర వెడల్పుగా ఉండే కర్రను హర్లీ అంటారు. ఐరిష్ భాషలో కమాన్. తోలు తొడిగిన చిన్న బంతి పేరు స్లిటర్. బంతిని నేలమీద కొట్టవచ్చు, గాలిలో కొట్టవచ్చు, కర్ర చివర నిలబెట్టుకుని పరుగెత్తవచ్చు. బిళ్ళంగోడు ఆడినవారికి గాలిలోకి లేచిన బిళ్ళను రెండవ దెబ్బ కొట్టడంలోని కష్టం తెలుసు. ఇక్కడ ఆ దెబ్బను పరుగెత్తుతూ, పక్కనుంచి మరొకడు అడ్డుపడుతుండగా కొట్టాలి.

గోలు స్తంభాలు ఇంగ్లీషు హెచ్ అక్షరం ఆకారంలో ఉంటాయి. అడ్డకర్ర కిందినుంచి వలలోకి బంతి వెళితే గోలు. దాని విలువ మూడు పాయింట్లు. అడ్డకర్ర పైనుంచి రెండు స్తంభాల నడుమ వెళితే ఒక పాయింటు. స్కోరులో ముందు గోళ్ళు, తరువాత పాయింట్లు రాస్తారు. ఆ లెక్కన థర్లెస్‌లో క్లేర్ సాధించిన 1-23 అంటే 26. లిమెరిక్‌కు ఒక్క గోలూ లేకుండానే 36. ఓడిన జట్టులో టోనీ కెలీ ఒక్కడే 17 పాయింట్లు కొట్టాడు.

ఈ క్రీడలను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 1884 నవంబర్ 1న ఇదే థర్లెస్ పట్టణంలో, హేయ్స్ హోటల్‌లో పుట్టింది. ముఖ్య స్థాపకుడు మైకల్ క్యూసాక్. ఆంగ్లేయుల క్రీడల ముందు చిన్నబోతున్న స్వదేశీ ఆటలకు నియమాలూ వ్యవస్థా కల్పించడం ఆ సంఘం ఉద్దేశం. అందువల్ల అది మొదటినుంచీ జాతీయోద్యమంతో ముడిపడి ఉన్నది. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానాన్ని సంఘం 1913లో కొన్నది. అదే సంవత్సరం వి. వి. గిరి న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ చేరాడు. 1916 వరకు అక్కడే ఉండి ఐరిష్ విప్లవకారుల ప్రభావంలోకి వచ్చాడు. 1920 నవంబర్ 21న క్రోక్ పార్క్‌లో ఫుట్‌బాల్ ఆట జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు జరిపిన కాల్పుల్లో 14 మంది మరణించారు. ఈ సంఘానికి ఆట ఎన్నడూ కేవలం ఆటగా ఉండలేదు.

పెద్ద పోటీ, చిన్న పోటీ

హర్లింగ్‌లో కౌంటీ జట్లకు ప్రధానంగా రెండు పోటీలు. వేసవిలో జరిగే ఆల్ ఐర్లండ్ ఛాంపియన్‌షిప్ 1887 నుంచి ఉన్నది. ప్రతిష్ఠ అంతా దానిదే. రెండవది జాతీయ లీగ్. అది 1925–26లో మొదలయింది. తొలి విజేత కార్క్. చాలాకాలం ఈ లీగ్ శరదృతువులో మొదలై, శీతకాలమంతా సాగి, వసంతంలో ముగిసేది. 1990ల చివరలో అది పూర్తిగా కొత్త సంవత్సరపు తొలి నెలల్లోకి మారింది. బురద నేల, చలిగాలి, కొత్త ఆటగాళ్ళకు పరీక్ష, వేసవికి సన్నాహం: లీగ్ స్వభావం ఇదీ. ఛాంపియన్‌షిప్‌లో ఒక్క ఓటమితో ఇంటిదారి పట్టిన కాలంలో, ఓడినా మళ్ళీ వచ్చే వారం ఆడే అవకాశం ఇచ్చింది లీగే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆటను ఊళ్ళల్లో సజీవంగా ఉంచిన పోటీ అది.

ఆటగాళ్ళెవరికీ జీతాలు లేవు. ఉపాధ్యాయులు, రైతులు, పోలీసులు, విద్యార్థులు పని ముగించుకుని సాధనకు వస్తారు. పుట్టిన ఊరి క్లబ్బుకూ, ఆ కౌంటీకీ ఆడతారు. జట్టు మారడం అరుదు. కాబట్టి ఊరికి వచ్చిన కష్టం నేరుగా జట్టుకు తగులుతుంది.

1941: పశువుల రోగం

1941లో ఐర్లండ్ పశువులకు గాలికుంటు వ్యాధి సోకింది. దేశపు ఆర్థికవ్యవస్థ పశుసంపద మీద నిలబడిన కాలం. గిట్టల మట్టితోనూ, మనుషుల చెప్పులతోనూ, బండి చక్రాలతోనూ వ్యాపించే ఈ రోగానికి, వేలాదిమంది నలుమూలలనుంచి ఒకచోట చేరే ఆటకంటే అనుకూలమైన వాహనం లేదు. వ్యాధి తీవ్రంగా ఉన్న టిప్పరేరి, కిల్కెనీ కౌంటీల జట్లు ఆడడానికి వీలులేకపోయింది. రెండూ హర్లింగ్‌లో అగ్రశ్రేణి జట్లే.

ఛాంపియన్‌షిప్‌ను ఆపివేయాలా, ఆ రెండు జట్లు లేకుండానే నడపాలా? సంఘం రెండవ మార్గం ఎంచుకున్నది. మన్స్టర్ తరఫున కార్క్, లెన్స్టర్ తరఫున డబ్లిన్ ఆల్ ఐర్లండ్ ఫైనల్‌కు వెళ్ళాయి. సెప్టెంబర్‌లో కార్క్ 5-11తో గెలిచింది. డబ్లిన్‌కు దక్కింది 0-6. చిక్కు ఆ తరువాత వచ్చింది. వ్యాధి తగ్గాక, అక్టోబర్ చివరలో, వాయిదాపడిన మన్స్టర్ ఫైనల్ ఆడించారు. అందులో టిప్పరేరి 5-4, కార్క్ 2-5. దేశానికి విజేత అయిన జట్టు తన సొంత ప్రాంతంలో ఓడిపోయింది. లెన్స్టర్‌లో మాత్రం డబ్లిన్ కిల్కెనీని ఓడించి తన అర్హతను నిరూపించుకున్నది.

ఆ ఏటి ఛాంపియన్‌షిప్ కార్క్‌దే అని రికార్డులు చెబుతాయి. కార్క్ 1944 వరకు వరుసగా నాలుగుసార్లు గెలిచి తన సత్తా చాటుకున్నది కూడా. అయినా 1941 పక్కన టిప్పరేరివారి మనసులో ఒక ప్రశ్నార్థకం ఉండిపోయింది. అది అక్రమమని ఎవరూ అనలేరు. ఆంక్షకు లోబడిన ఆటగాళ్ళు, వారి అభిమానులు, పశువులను పోగొట్టుకున్న రైతులు చాలావరకు ఒకే కుటుంబాల మనుషులు. పొరుగువాడి పాడిని కాపాడడం కోసం తమ కప్పును వదులుకున్నవారు వారు. ఆ త్యాగానికి రికార్డు పుస్తకంలో గడి లేదు.

దాని వెంటనే లీగ్ వంతు వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధంలో ఐర్లండ్ తటస్థంగా ఉన్నా, ఇంధనం కరవై రైళ్ళూ మోటారు బండ్లూ దాదాపు స్తంభించాయి. 1942 నుంచి 1945 వరకు జాతీయ లీగ్ జరగలేదు. ఛాంపియన్‌షిప్ మాత్రం ఏ ఏడూ ఆగలేదు. 1944లో కార్క్, లిమెరిక్ తలపడిన మన్స్టర్ ఫైనల్‌కు జనం వేల సంఖ్యలో సైకిళ్ళమీద థర్లెస్ చేరారు. అది ‘సైకిళ్ళ ఫైనల్’గానే చరిత్రలో నిలిచింది. వేసవి పోటీకోసం మనుషులు ఎంత దూరమైనా తొక్కుతారు. శీతకాలపు లీగ్‌కోసం అంత శ్రమ పెట్టలేమని సంఘం తీర్మానించుకున్నట్లే. 1945–46లో లీగ్ మళ్ళీ మొదలయినప్పుడు గెలిచింది క్లేర్.

2001: మళ్ళీ అదే వ్యాధి

2001 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి విజృంభించింది. మార్చిలో ఐర్లండ్‌లోని లౌత్ కౌంటీలో ఒక కేసు బయటపడింది. అప్పటికే సంఘం ఆటలను నిలిపివేసింది. లీగ్ నడుస్తున్న నెలలవే. ఈసారి లీగ్‌ను రద్దుచేయలేదు. ఆలస్యంగానైనా కొనసాగించి ముగించారు. ఫైనల్‌లో క్లేర్‌ను ఓడించిన టిప్పరేరి, ఆ ఏడే ఆల్ ఐర్లండ్ కూడా గెలిచింది. 1941లో గాలికుంటు వల్ల మైదానానికి దూరమైన కౌంటీ, 60 ఏళ్ళ తరువాత అదే వ్యాధి సంవత్సరంలో రెండు కప్పులూ ఎత్తుకున్నది.

2020: మనుషుల రోగం

2020 మార్చి 12న ఐర్లండ్ ప్రధాని విద్యాలయాల మూసివేత ప్రకటించాడు. అదేరోజు సంఘం అన్ని ఆటలనూ ఆపివేసింది. లీగ్ మొదటి డివిజన్‌లో 12 జట్లను ఆరేసి చొప్పున రెండు గుంపులుగా విడదీసి ఆడించారు. అప్పటికి ఒక గుంపులో లిమెరిక్, మరొకదానిలో క్లేర్ అగ్రస్థానంలో ఉన్నాయి. నాకౌట్ ఆటలే మిగిలాయి.

తరువాతి నెలల్లో క్రోక్ పార్క్ కోవిడ్ పరీక్షల కేంద్రమయింది. క్లబ్బుల సభ్యులు ఇల్లు కదలలేని వృద్ధులకు సరుకులూ మందులూ చేరవేశారు. జులైలో ముందుగా తెరుచుకున్నవి కౌంటీ జట్లు కావు, ఊరి క్లబ్బులు. అవే అక్టోబర్ 5న మళ్ళీ మూతపడ్డాయి. స్థానిక ఫైనళ్ళ తరువాత జరిగిన గుంపు సంబరాలు అందుకు కారణం. అక్టోబర్‌లోనే దేశమంతటా కఠిన ఆంక్షలు మళ్ళీ వచ్చాయి. కౌంటీల మధ్య పోటీకి మాత్రం ప్రభుత్వం మినహాయింపు ఇచ్చింది, ప్రేక్షకులు లేకుండా.

సమయం చాలదు. రెండు పోటీల్లో ఒకటే పూర్తిగా జరగగలదు. 1942లో వదులుకున్నది లీగ్‌నే. ఇప్పుడూ తలవంచింది లీగే. అయితే ఈసారి దానిని పూర్తిగా తుడిచివేయకుండా ఒక ఉపాయం దొరికింది. మన్స్టర్ డ్రాలో లిమెరిక్‌కు ప్రత్యర్థిగా క్లేర్ వచ్చింది. రెండు గుంపుల అగ్రగాములు ఎలాగూ ఎదురుపడుతున్నారు కనుక ఆ ఆటనే లీగ్ ఫైనల్‌గా కూడా పరిగణించారు. సెమీఫైనళ్ళు జరగలేదు. వాటిద్వారా ఫైనల్‌కు చేరగలిగిన ఇతర జట్లకు ఆ అవకాశం పోయింది.

లిమెరిక్ ఆ ఏడు మన్స్టర్ గెలిచి, డిసెంబర్ 13న ఖాళీ క్రోక్ పార్క్‌లో వాటర్‌ఫర్డ్‌ను 0-30, 0-19 తేడాతో ఓడించి ఆల్ ఐర్లండ్ కూడా సాధించింది. అందువల్ల లీగ్ బిరుదుమీద సందేహం తలెత్తలేదు. విజేత తిరుగులేనిదైనప్పుడు ఏర్పాటులోని లోపం మరుగున పడిపోతుంది. మరుసటి ఏడు ఆ మరుగూ లేకపోయింది. 2021లో కాలాభావం వల్ల ఫైనల్ ఆడించక, కిల్కెనీ, గాల్వే జట్లను ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు.

సముద్రం అవతలి జట్లు

ఈ కథలో ఎక్కువగా ప్రస్తావనకు రాని భాగం ఒకటుంది. లండన్, వారిక్‌షైర్, లాంకషైర్ జట్లు జాతీయ లీగ్ దిగువ డివిజన్లలో ఆడుతూ వచ్చాయి. పనికోసం వలసవెళ్ళిన ఐరిష్‌వారూ, వారి పిల్లలూ ఈ జట్ల ఆధారం. 1901 సంవత్సరపు ఆల్ ఐర్లండ్ ఫైనల్‌లో కార్క్‌ను ఓడించినది లండన్ జట్టే. 2020 శీతకాలపు లీగ్‌లో ఈ జట్లు ఆడాయి. కానీ ప్రయాణ ఆంక్షల కారణంగా ఆ ఏటి ఛాంపియన్‌షిప్ అంచెల్లో వాటికి చోటు దొరకలేదు. పోటీని కుదించవలసి వచ్చినప్పుడు మొదట తెగిన కొమ్మ ప్రవాసులది. నిర్ణయం న్యాయమైనదే. అయినా పుట్టినగడ్డతో తమకున్న బంధం ఎన్ని విమానాలు నడుస్తున్నాయన్న లెక్కమీద ఆధారపడి ఉన్నదని తెలిసిరావడం ఏ ప్రవాస సమాజానికైనా తేలిక కాదు. 2020లో ఈ అనుభవం ఒక్క ఐరిష్‌వారిదే కాదు.

చెట్టు రోగం

పశువు, మనిషి తరువాత ఇప్పుడు చెట్టు వంతు. హర్లీ చేయడానికి యాష్ మానులో వేరు వంపు తిరిగే అడుగుభాగమే పనికివస్తుంది. ఆ వంపు వెంట సాగే నార వల్లనే కర్ర దెబ్బకు విరగకుండా వంగుతుంది. శిలీంధ్రం వల్ల వచ్చే ఎండుతెగులు 2012లో ఐర్లండ్ యాష్ చెట్లలో బయటపడి దేశమంతా పాకింది. కర్రలు చేసేవారు విదేశీ కలపమీద ఆధారపడడం పెరిగింది; వెదురుతోనూ, కృత్రిమ పదార్థాలతోనూ చేసిన హర్లీలు మైదానంలోకి వచ్చాయి. 2018లో యునెస్కో హర్లింగ్‌ను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అమూర్తమైన ఆటకు గుర్తింపు దొరికేనాటికి, దాని మూర్తమైన కర్ర కనుమరుగవుతున్నది.

1941, 2001, 2020 సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూస్తే, హర్లింగ్ ప్రతిసారీ తన నియమాన్ని కొంత వదులుకుని తన మనుషులను నిలబెట్టుకున్నట్లు తెలుస్తుంది. 1941లో ఫలితాల వరుస తలకిందులయింది. 2020లో ఒక ఫైనల్ మరొకదానిలో కలిసిపోయింది. పోటీ సంపూర్ణతను కోరుతుంది. ఊరు క్షేమాన్ని కోరుతుంది. జీతం లేకుండా సొంత ఊరికోసం ఆడేవారి ఆటలో ఈ రెండింటిలో ఏది ముందన్నది పెద్ద వివాదం కాలేదు. అందుకే 2020 లీగ్ గెలుపు పక్కన చేర్చవలసిన వివరణను ఆ గెలుపుకు మచ్చగా చూడనక్కరలేదు. ఆ ఏడు అక్కడి జనం ఎలా బతికారో చెప్పే వాక్యంగా దానిని చదువుకోవచ్చు.